మండేలా జైల్లో ఉన్న 27 ఏళ్ళు బయట పోరాటం ఎవరు మోశారు? సౌత్ ఆఫ్రికా గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

శ్రీకాకుళం_చిన్నోడు:
అందరికీ నమస్తే. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మా పుస్తకంలో సౌత్ ఆఫ్రికా అంటే రెండే పేరాలు, గాంధీగారిని ట్రైన్‌లోంచి దించేశారు, మండేలా 27 ఏళ్ళు జైల్లో ఉన్నాడు, 1994లో ప్రెసిడెంట్ అయ్యాడు, అయిపోయింది. మధ్యలో ఏటి జరిగిందో ఒక్క ముక్క లేదు. 1964లో పెద్ద నాయకులందరికీ యావజ్జీవం వేసి దీవిలో పడేస్తే బయట జనం ఊరికే కూర్చున్నారా, ఎవరో ఒకరు మోసుంటారు కదా. పరీక్ష కోసం కాదండీ, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పాత_మాస్టారు:
మంచి ప్రశ్న బాబూ. ముందు ఆ ఖాళీ ఎట్లా వచ్చిందో చెప్తాను. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో నల్లవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా చూపించాల్సిన పాస్ పుస్తకాలు వద్దని పోలీస్ స్టేషన్ ముందుకొచ్చిన జనం మీద కాల్పులు జరిపి 69 మందిని చంపారు, నెల తిరక్కుండానే మండేలా పార్టీ ఏఎన్‌సీని, దాన్నుంచి విడిపోయిన పీఏసీని రెండింటినీ నిషేధించారు. ఆ తర్వాత రివోనియా కేసు, నువ్వు చెప్పిన 1964 యావజ్జీవం అదే, దొరికినవాళ్ళు రాబెన్ దీవి జైలుకి, దొరకనివాళ్ళు దేశం దాటి పోయారు. 60ల చివరికొచ్చేసరికి రాజకీయం మాట్లాడాలంటేనే ఇంట్లోవాళ్ళు నోరు మూయించే పరిస్థితి. ఆ నిశ్శబ్దాన్ని బద్దలు కొట్టింది 20, 22 ఏళ్ళ కాలేజీ కుర్రాళ్ళు. వాళ్ళలో ముఖ్యుడు స్టీవ్ బీకో, డర్బన్‌లో నాటాల్ యూనివర్సిటీ మెడికల్ స్టూడెంట్, 1946లో పుట్టాడు. బ్లాక్ కాన్షస్‌నెస్, అంటే నల్లవాళ్ళ ఆత్మచైతన్య ఉద్యమం అంటారు దాన్ని. పుస్తకాల్లో ఈ పేరు దొరకదు, దొరికినా "జైల్లో పోలీసులు కొట్టి చంపారు" అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. ఆయన ఎట్లా చచ్చిపోయాడన్నదానికంటే ఏం కట్టాడన్నది నాకు ముఖ్యం, ఎవరైనా అడిగితే దాని గురించి వివరంగా రాస్తాను.

నల్గొండ_యాదగిరి:
మాస్టారూ అడుగుడెందుకు, రాయుర్రి. నేను ఒక్కటి చెప్త ముందు. 1967ల గ్రాహమ్స్‌టౌన్‌ల స్టూడెంట్ల మహాసభ అయింది, నూసాస్ అని తెల్లోళ్ళు నల్లోళ్ళు అందరున్న సంఘం, మేం రేసిజానికి వ్యతిరేకం అని చెప్పుకునే సంఘం. గసొంటి సభల నల్ల స్టూడెంట్లను క్యాంపస్‌ల పండనియ్యలే, యూనివర్సిటీ రూల్ ఒప్పుకోదన్నరు, ఊరవతల బస్తీల చర్చిల పండుమన్నరు. తెల్ల స్టూడెంట్లు పాపం బాధపడ్డరు, ఖండిస్తున్నం అని తీర్మానం రాసిండ్రు, మళ్ళ సభ నడిపిచ్చుకున్నరు. బీకో ఆడ్నే ఉండె. మన బాధకు తీర్మానం ఇంకొకడు రాసుడేంది అన్న ఆలోచన గట్ల మొదలైంది. 1969ల తుర్ఫ్‌లూప్‌ల సాసో పెట్టిండ్రు, నల్ల స్టూడెంట్లది సొంత సంఘం, మొదటి ప్రెసిడెంట్ ఆయననే.

బెజవాడ_సతీష్:
యాదగిరి గారూ మీ ఆవేశం అర్థమైంది, కానీ నాకో డౌట్. రంగును బట్టి మనుషుల్ని విడదీయకూడదనేగా పోరాటం, మరి వీళ్ళూ విడిగా సంఘం పెట్టుకుంటే అది కూడా విభజనే కదా? తెల్లవాళ్ళలో మంచివాళ్ళని దూరం చేసుకోవడం తప్ప ఏం సాధించినట్టు? గొడవకి కాదు, సీరియస్‌గానే అడుగుతున్నా.

నల్గొండ_యాదగిరి:
సతీష్ అన్నా, మంచోళ్ళు కాదని ఎవ్వరన్నరు. కొన్ని ఏండ్లు ఆ మంచోళ్ళే మైకు పట్టుకున్నరు, ఎజెండా వాళ్ళే రాసిండ్రు, నల్ల స్టూడెంటు పోయి వెనక బెంచీల కూసుండి చప్పట్లు కొట్టిండు. దాంతోని ఏమైతది, మనం అడగలేం, మనకు రాదు, ఎవరో ఒకలు మనకోసం మాట్లాడాలె అన్న భయం లోపట్నే ఉంటది. ఆ భయం పోకుంట చట్టం మారినా బతుకు మారది. వీళ్ళు తెల్లోళ్ళను కొట్టుమనలే, దేశం నుంచి ఎల్లగొట్టుమనలే. మా పని మేం చేసుకుంటం, మీరు పోయి మీ తెల్లోళ్ళను మార్చుర్రి అన్నరు. నాకైతే గిది న్యాయమే అనిపిస్తది.

విశాఖ_టు_డర్బన్:
మాస్టారూ, యాదగిరి గారూ, ఈ థ్రెడ్ చూసి చాలా సంతోషమైంది. నేను ఉద్యోగం మీద డర్బన్‌లో చాలా కాలం ఉన్నాను కాబట్టి మనవాళ్ళ సంగతి చెప్తాను. ఇది ఆఫ్రికన్ల కథ అనుకుని మనం దూరంగా చూస్తాం కానీ మనవాళ్ళు ఇందులో మొదట్నుంచీ ఉన్నారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది, చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా, 1911 వరకూ అలా 1,52,000 మందికి పైగా వెళ్ళారు, అందులో విశాఖ, చిత్తూరు వైపు తెలుగువాళ్ళు బోలెడుమంది. 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉందక్కడ. సాసో వాళ్ళు "నల్లవాళ్ళు" అన్నప్పుడు ఆఫ్రికన్లని మాత్రమే అనలేదు, ఇండియన్లని, కలర్డ్ అనే మిశ్రమ జాతివాళ్ళని కూడా కలిపారు, చట్టం ఎవర్ని అణిచిందో వాళ్ళందరూ ఒకటే అని. సాథ్స్ కూపర్, స్ట్రీనీ మూడ్లీ లాంటి డర్బన్ ఇండియన్ కుర్రాళ్ళు ఆ ఉద్యమంలో ముందు వరసలో ఉన్నారు, ఇద్దరూ రాబెన్ దీవిలో జైలు అనుభవించారు.

అసలు కేసు ఏంటంటే, 1974 సెప్టెంబర్‌లో పక్కన మొజాంబిక్‌లో స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఫ్రెలిమో గెలిచి పోర్చుగీసువాళ్ళు దిగిపోతుంటే ఆ ఆనందంలో డర్బన్ కరీస్ ఫౌంటెన్ గ్రౌండ్‌లో సభ పెట్టారు. గవర్నమెంట్ నిషేధించినా జనం వచ్చారు, పోలీసులు కుక్కల్ని వదిలారు, తర్వాత తొమ్మిదిమంది మీద టెర్రరిజం కేసు. బాంబు లేదు, తుపాకీ లేదు, వాళ్ళు రాసిన కవితలు, వేసిన నాటకాలు, ప్రసంగాలు, అవే సాక్ష్యం.

శ్రీకాకుళం_చిన్నోడు:
కవితలకి టెర్రరిజం కేసా అన్నా!! బీకో ఆ కేసులో లేరా మరి?

పాత_మాస్టారు:
ముద్దాయి కాదు, 1976 మే నెలలో డిఫెన్స్ తరఫున సాక్షిగా వచ్చాడు. దీంట్లో ఒక విషయం ఉంది. 1973లోనే ఆయన మీద నిషేధ ఉత్తర్వు వేసి సొంత ఊరు కింగ్ విలియమ్స్ టౌన్ దాటకూడదన్నారు, ఒకసారికి ఒక్క మనిషితో మించి మాట్లాడకూడదు, ఆయన మాట పత్రికల్లో అచ్చు వేయకూడదు. అయితే కోర్టులో చెప్పింది మాత్రం పత్రికలు రాసుకోవచ్చు. అందుకని ప్రాసిక్యూటరు అడిగిన ప్రతి ప్రశ్నకీ తీరిగ్గా, వివరంగా, క్లాసులో పాఠం చెప్పినట్టు జవాబు చెప్పాడు, మూడేళ్ళుగా గొంతు వినపడని మనిషి మాటలు దేశమంతా చదివింది. నెల తిరిగేసరికి జొహానెస్‌బర్గ్ పక్కన సొవేటో బస్తీలో పిల్లల తిరుగుబాటు.

బెజవాడ_సతీష్:
సొవేటో గురించి తెలుసు మాస్టారూ, తెల్ల పాలకుల ఆఫ్రికాన్స్ భాషలో చదవమని బలవంతం చేస్తే పిల్లలు తిరగబడ్డారు. మాతృభాషలో చదువు కోసం జరిగిన ఉద్యమం కదా. మన దగ్గర కూడా ఇంగ్లీష్ మీడియం తెలుగు మీడియం గొడవ నడుస్తూనే ఉంది కాబట్టి ఈజీగా అర్థమవుతుంది.

పాత_మాస్టారు:
ఇక్కడే జాగ్రత్తగా చూడాలి సతీష్ గారూ, మన గొడవని తీసుకెళ్ళి అక్కడ అతికిస్తే కథ తలకిందులవుతుంది. ఆ పిల్లలు మాతృభాషా మీడియం అడగలేదు. వాళ్ళకి ప్రైమరీలో మాతృభాషని బలవంతంగా పెట్టిందే ఆ గవర్నమెంటు.

1953లో బాంటూ ఎడ్యుకేషన్ చట్టం తెచ్చారు. మంత్రి ఫెర్వూర్డ్ దాపరికం లేకుండానే చెప్పాడు, తెల్లవాళ్ళ సమాజంలో ఆఫ్రికన్‌కి కొన్ని రకాల కూలి పనులకి మించి చోటు లేదు, అంతకు మించి చదువెందుకు అని. 1975-76 లెక్క చూడండి, తెల్ల పిల్లాడి మీద ఏడాదికి 644 రాండ్లు, ఇండియన్ పిల్లాడి మీద 189, ఆఫ్రికన్ పిల్లాడి మీద 42. అదే గవర్నమెంటు "మీ భాష గొప్పది, మీ సంస్కృతి గొప్పది, మీ తెగ పెద్దలు గొప్పవాళ్ళు" అని తెగ పొగిడేది. ఎందుకు పొగిడిందంటే, జులూ వేరు, షోసా వేరు, త్స్వానా వేరు అని విడగొట్టి తెగల పేరుతో బాంటుస్టాన్‌లు అనే పది ప్రాంతాలు గీసింది, మీ సంస్కృతి అక్కడ, మీ ఓటు అక్కడ, ఈ దేశంలో మీరు పని కోసం వచ్చిన పరాయివాళ్ళు అని చెప్పడానికి. అంటే సంస్కృతి అనే మాట పాలకుడి చేతిలో సంకెల అయింది.

1974 ఉత్తర్వులో ఏముందో చూస్తే ఇంకా తెలుస్తుంది. లెక్కలు, సోషల్ ఆఫ్రికాన్స్‌లో చెప్పాలి, జనరల్ సైన్స్ ఇంగ్లీషులో. ఆఫ్రికన్ భాషలకి మిగిల్చింది మత బోధన, సంగీతం, డ్రిల్లు. పాఠం చెప్పే టీచర్లకే సరిగా ఆఫ్రికాన్స్ రాదు. పిల్లలు 1976 మే నెలలో ఓర్లాండో వెస్ట్‌లో క్లాసులు బహిష్కరించారు, ఎవరూ పట్టించుకోలేదు. జూన్ 16 పొద్దున వేల మంది యూనిఫారాల్లో, ముందురోజు రాత్రి రాసుకున్న అట్టముక్కలు పట్టుకుని, పాడుకుంటూ బయల్దేరారు. ముందు నడిపిన సీట్సీ మషినీనీకి 19 ఏళ్ళు. పోలీసులు కాల్చారు. హేస్టింగ్స్ ఎన్‌డ్లోవు 15 ఏళ్ళవాడు, హెక్టర్ పీటర్సన్ ఇంకా చిన్నవాడు. హెక్టర్‌ని చేతుల మీద మోసుకుంటూ పరిగెడుతున్న కుర్రాడు ఎంబుయీసా మఖూబో, పక్కన ఏడుస్తూ పరిగెడుతున్న అక్క ఆంటోనెట్, ఫొటో తీసింది సామ్ న్‌జీమా. ఆ ఫొటో ప్రపంచమంతా వెళ్ళింది. మంటలు దేశమంతా పాకాయి, 1977 ఫిబ్రవరి దాకా చనిపోయినవాళ్ళు 575 మంది అని గవర్నమెంటు వేసిన కమిషనే తేల్చింది. ఆ ఉత్తర్వు మాత్రం జూలైలోనే వెనక్కి తీసుకున్నారు.

బెజవాడ_సతీష్:
ఇది నాకు పూర్తిగా కొత్త కోణం మాస్టారూ. అంటే మీ సంస్కృతి మీ సంస్కృతి అని పొగుడుతూ కూడా మనిషిని కట్టేయొచ్చన్నమాట. మరి బీకో వాళ్ళు సంస్కృతిని వద్దన్నారా, కావాలన్నారా?

పాత_మాస్టారు:
కావాలన్నారు, కానీ గాజు పెట్టెలో పెట్టింది కాదు. ఆఫ్రికన్ సంస్కృతి 1652లో డచ్చివాళ్ళు ఓడ దిగిన రోజున ఆగిపోలేదు, బస్తీలో జాజ్ పాడేవాడిది, గనిలో పని చేస్తూ పాట కట్టుకునేవాడిది కూడా ఆఫ్రికన్ సంస్కృతే అన్నాడు. మనిషి మనిషి కోసం ఉండటం, ఉన్నది పంచుకోవడం, ఇంటికొచ్చినవాణ్ణి పనేంటని అడక్కుండా కూర్చోబెట్టడం, ఇవి మావి, వీటి మీద మా భవిష్యత్తు కడతాం అన్నాడు. తెగని బట్టి కాకుండా బతికే పద్ధతిని బట్టి.

విశాఖ_టు_డర్బన్:
మాస్టారు చెప్పింది కళ్ళతో చూడాలంటే డర్బన్‌లో ఇసికథమియా పోటీలు చూడాలి. పల్లెల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే మగ కూలీలు కట్టుకున్న పాట అది. హాస్టల్లో గట్టిగా అడుగులేస్తే కాపలావాళ్ళు ఊరుకోరు, అందుకని మునివేళ్ళ మీద అడుగులు వేస్తూ మెత్తగా పాడటం అలవాటైందని అక్కడ చెప్తారు. ఒకప్పుడు బీట్రిస్ స్ట్రీట్ వైఎంసీఏ హాల్లో శనివారం రాత్రి మొదలైతే తెల్లారేదాకా సాగేవి. వారమంతా ఫ్యాక్టరీలో "బోయ్" అని పిలిపించుకున్న 50 ఏళ్ళ మనిషి ఆ రాత్రి ఇస్త్రీ సూటు, తెల్ల గ్లోవ్స్, మెరిసే బూట్లు వేసుకుని టీముకి ముందు నిలబడతాడు. పాటలో సొంత ఊరు ఉంటుంది, తోబుట్టువులు ఉంటారు, డబ్బు పంపలేకపోయిన బాధ ఉంటుంది.

ఇదే డర్బన్‌లో 1973 జనవరి 9న కారొనేషన్ ఇటుకల ఫ్యాక్టరీలో 2000 మంది పని ఆపేసి ఫుట్‌బాల్ గ్రౌండుకి నడిచారు, రోడ్డు మీద జులూలో నినాదం పాడుకుంటూ. లీడర్ ఎవరు, ముందుకు రమ్మనండి, మాట్లాడతాం అని మేనేజ్‌మెంట్ అడిగితే ఒక్కరూ రాలేదు, వస్తే వాణ్ణే పట్టుకుపోతారని అందరికీ తెలుసు. సమ్మె టెక్స్‌టైల్ మిల్లులకి, మున్సిపాలిటీకి పాకింది. టెక్స్‌టైల్ మిల్లుల్లో ఇండియన్ కార్మికులు కూడా దిగారు.

కృష్ణవేణి_నర్సు:
అన్నలూ, చాలాసేపటి నుంచి చదువుతూనే ఉన్నాను. మాస్టారు మొదట్లో ఏం కట్టాడో చెప్తానన్నారు, అది ఇంకా రాలేదు కదా. నాకు తెలిసింది నేను రాస్తాను, ఎందుకంటే నేను ఈ మనిషి గురించి తెలుసుకుంది నా వృత్తి వల్లే.

జనెంపీలో అని ఒక క్లినిక్. కింగ్ విలియమ్స్ టౌన్ పక్కన జిన్యోకా అనే పల్లెలో 1975లో మొదలైంది. బ్లాక్ కమ్యూనిటీ ప్రోగ్రామ్స్ అని బీకో వాళ్ళు నడిపిన సంస్థ కట్టింది. డాక్టరు మాంఫేలా రాంఫేలే, అప్పటికి ఆవిడకి 27 ఏళ్ళు. ఓపీ, కాన్పుల గది, పిల్లల వార్డు, అంబులెన్సు, చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి చూసిరావడం. గవర్నమెంటు ఆసుపత్రికి పోవాలంటే బస్సు ఎప్పుడొస్తుందో తెలీదు, వెళ్ళినా పొద్దుటి నుంచీ లైన్లో నిలబడాలి, నర్సు గదమాయిస్తుంది, మందు చేతిలో పడేసి పొమ్మంటారు, రోగం ఏంటో కూడా చెప్పరు. ఇక్కడ తమ భాషలో తమవాళ్ళే కూర్చోబెట్టి నీకు ఇది జబ్బు, ఇందువల్ల వచ్చింది, పిల్లాడికి ఇది పెట్టు అని చెప్పేవాళ్ళు. నేను పల్లెటూరి సెంటర్లలో పని చేశాను కాబట్టి చెప్తున్నా, కాన్పుకి వచ్చిన ఆడమనిషి భయపడేది నొప్పికి కాదు, అందరి ముందూ తిట్టించుకోవాల్సి వస్తుందేమో అని. ఆ భయం తీసేస్తే సగం కేసులు టైముకి వస్తాయి. ఆత్మగౌరవం అంటే ఉపన్యాసం అనుకుంటాం మనం, అక్కడ అది కాన్పుల గదిలో మొదలైంది.

క్లినిక్ ఒక్కటే కాదు, న్జ్వాక్సా అనే ఊళ్ళో తోలు పని సెంటరు పెట్టారు, బెల్టులు, పర్సులు, చెప్పులు, ఊళ్ళో ఆడవాళ్ళకి జీతాలొచ్చేవి. జైలు నుంచి విడుదలైనవాళ్ళ కుటుంబాల కోసం జిమేలే ట్రస్ట్. గిన్స్‌బర్గ్‌లో పిల్లల క్రెష్‌కి సాయం, చదువుకునేవాళ్ళకి ఫీజులు. నిషేధంలో ఉన్న మనిషి, ఒకేసారి ఇద్దరితో మాట్లాడకూడని మనిషి, ఇన్ని నిలబెట్టాడు.

శ్రీకాకుళం_చిన్నోడు:
అక్కా చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ క్లినిక్ ఇప్పటికీ ఉందా? బీకో పోయాక ఏమయ్యాయి ఇవన్నీ?

కృష్ణవేణి_నర్సు:
ఏమయ్యాయో చెప్పడానికి చెయ్యి రావట్లేదు తమ్ముడూ. 1977 ఏప్రిల్‌లో ముందు డాక్టరమ్మని ఎత్తుకెళ్ళి వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరంలో ఉత్తరాన జనీన్ దగ్గర లెన్యెన్యే అనే బస్తీలో పడేశారు, అక్కణ్ణించి కదలకూడదని. ఆవిడేం చేసిందో తెలుసా, అక్కడ కూడా ఊరివాళ్ళని కూడగట్టి ఇతుసెంగ్ అని ఇంకో హెల్త్ సెంటర్ మొదలుపెట్టింది.

బీకోని ఆగస్టు 18న గ్రాహమ్స్‌టౌన్ దగ్గర రోడ్డు మీద ఆపి పట్టుకున్నారు. పోర్ట్ ఎలిజబెత్‌లో సెక్యూరిటీ పోలీసులు తల మీద కొట్టారు, మెదడుకి దెబ్బ. చూసిన డాక్టర్లు ఏమీ లేదని రాసిచ్చారు, నాకు కోపం వచ్చేది ఈ ముక్క దగ్గరే. బట్టల్లేకుండా, గొలుసులతో, ల్యాండ్ రోవర్ వెనక పడుకోబెట్టి 1100 కిలోమీటర్ల దూరం ప్రిటోరియాకి తీసుకెళ్ళారు, సెప్టెంబర్ 12న జైలు గదిలో నేల మీద చనిపోయాడు. 30 ఏళ్ళు. నిరాహార దీక్ష వల్ల పోయాడని మంత్రి క్రూగర్ చెప్పాడు, చావు మీద జరిగిన ఇన్‌క్వెస్ట్ విచారణలో ఎవరిదీ తప్పు కాదని తేల్చారు. తోటి డాక్టర్లే ఏళ్ళ తరబడి కోర్టుకెళ్ళి పోరాడితే 1985లో గానీ బీకోని చూసిన ఇద్దరు డాక్టర్ల మీద మెడికల్ కౌన్సిల్ చర్య తీసుకోలేదు. 1977 అక్టోబర్ 19న బ్లాక్ కాన్షస్‌నెస్ సంస్థలన్నిట్నీ ఒక్కరోజే నిషేధించారు, కమ్యూనిటీ ప్రోగ్రామ్స్ ఆస్తులు లాగేసుకున్నారు, క్లినిక్ గవర్నమెంటు చేతిలోకి పోయింది. బాంబులు దాచిన చోటు కాదు తమ్ముడూ అది, పిల్లలకి టీకాలు వేసే చోటు.

నల్గొండ_యాదగిరి:
అక్కా దండం నీకు. సర్కారుకు భయమైంది గందుకే. బాంబును పట్టుకోవచ్చు, ఊరోళ్ళు మా దవాఖాన మేమే నడుపుకుంటం అంటే దేన్ని పట్టుకుంటరు. ఆయన సావుకు ఎద్దుల బండి మీద శవపేటిక పెట్టి తీస్కపోయిండ్రు, రోడ్ల మీద బస్సులు ఆపినా వేలమంది వచ్చిండ్రు, దేశాల రాయబారులు సుత వచ్చిండ్రు.

బెజవాడ_సతీష్:
విశాఖ గారూ, ఇండియన్లని కూడా కలుపుకున్నారు అన్నారు కదా, మరి కింద జనంలో అది దిగిందా? 1949లో డర్బన్‌లో ఆఫ్రికన్లు ఇండియన్ల ఇళ్ళు తగలబెట్టారని చదివాను.

విశాఖ_టు_డర్బన్:
అడగాల్సిందే అడిగారు సతీష్ గారూ. 1949 జనవరిలో ఒక ఆఫ్రికన్ పిల్లాణ్ణి ఇండియన్ కొట్టువాడు కొట్టడంతో మొదలైంది, 142 మంది చచ్చిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికన్లే. రెండేళ్ళ ముందే ఇండియన్ కాంగ్రెస్ నాయకులు డాక్టర్ నాయ్‌కర్, డాక్టర్ దాదూ, ఏఎన్‌సీ నాయకుడు డాక్టర్ జూమా ముగ్గురూ కలిసి పోరాడదామని సంతకాలు పెట్టారు, పైన స్నేహం కుదిరింది కానీ కింద బస్సు ఓనరు, కొట్టు ఓనరు ఇండియన్, పాసింజరు, కస్టమరు ఆఫ్రికన్. మాస్టారు చెప్పిన 644, 189, 42 మళ్ళీ చూడండి, మనవాళ్ళని కావాలనే మధ్య మెట్టు మీద నిలబెట్టారు, పైవాడు తంతాడు, కిందవాడికి మనం పైవాళ్ళలా కనపడతాం. తర్వాత ఏ రంగువాళ్ళు ఎక్కడ ఉండాలో గీసిన గ్రూప్ ఏరియాస్ చట్టంతో కేటో మేనర్ నుంచి ఇద్దర్నీ ఖాళీ చేయించి ఇండియన్లని చాట్స్‌వర్త్‌కి, ఆఫ్రికన్లని క్వామషూకి తోలారు, ఇక ఒకరి పెళ్ళికి ఒకరు పోయే దారే లేదు.

ఇది అయిపోలేదు కూడా. 2021 జూలైలో ఫీనిక్స్ అనే ఇండియన్ల ఏరియాలో లూటీల టైములో 36 మంది చచ్చిపోయారు, దాదాపు అందరూ ఆఫ్రికన్లు. నాకు తెలిసిన తెలుగు మూలాలున్న ఫ్యామిలీలో తండ్రీకూతుళ్ళు దీని మీద తగువు పడ్డారు. ఆయన మన వీధిని మనం కాపాడుకోవాలిగా అంటాడు, అమ్మాయి రోడ్డు మీద పోయేవాణ్ణి రంగు చూసి ఆపడం పాస్ పుస్తకం అడగడం కాదా నాన్నా అంటుంది. నేను అమ్మాయి వైపే.

అలాగని కలవనివాళ్ళే కాదు. 1984లో ఇండియన్లకి విడిగా పార్లమెంటు సభ ఇస్తాం, ఆఫ్రికన్లకి ఇవ్వం అని ఎలక్షన్ పెడితే ఐదో వంతు మందే ఓటేశారు, మిగతావాళ్ళు ఇంట్లో కూర్చున్నారు. కొట్లూ ఇళ్ళూ పోగొట్టుకున్న 1949 ఇంకా గుర్తున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఇప్పటి రాజ్యాంగంలో గౌరవించాల్సిన భాషల లిస్టులో తమిళం, హిందీ పక్కన తెలుగు కూడా ఉంది, 6వ సెక్షన్. అది ఎవరో దయతో ఇచ్చింది కాదు.

నల్గొండ_యాదగిరి:
ఆ బిడ్డ మాట నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. అన్నా, మెట్ల గురించి నువ్వు చెప్పింది మనకు కొత్త గాదు, మన ఊర్లల్ల కూడా మెట్లే ఉన్నయి, పైమెట్టు మీదికెల్లి కిందికి చూసుడు మనకు బాగ తెలుసు. బీకో ఇండియన్లను కలుపుకున్నడంటే ఆ మెట్టు దిగి రమ్మన్నడన్నట్టు.

శ్రీకాకుళం_చిన్నోడు:
నా ప్రశ్నకి జవాబు దొరికింది, అందరికీ థాంక్స్. మాస్టారూ ఇంకొకటి, 1977లో అన్నీ నిషేధించాక మళ్ళీ ఖాళీ వచ్చేసిందా?

పాత_మాస్టారు:
రాలేదు. సొవేటో పిల్లలు వేలమంది సరిహద్దు దాటి ఏఎన్‌సీ శిబిరాల్లో చేరారు. రాబెన్ దీవికి చేరిన కొత్తవాళ్ళు వార్డర్ల ముందు తల వంచకపోతే పాత ఖైదీలే ఆశ్చర్యపోయారు. 1983లో యూడీఎఫ్ పేరుతో వందల కాలనీ సంఘాలు, మహిళా సంఘాలు, చర్చిలు ఒక్కటయ్యాయి. ఇటుకల ఫ్యాక్టరీ సమ్మె నుంచి మొదలైన యూనియన్లు 1985లో కోసాటు అనే సమాఖ్యగా కలిశాయి, దాని మొదటి జనరల్ సెక్రటరీ జే నాయుడు, డర్బన్ కుర్రాడు, బీకో ప్రసంగం విని కదిలి వచ్చినవాడు. యూనియన్ల సంగతి చాలా పెద్దది, ఆదివారం విడిగా థ్రెడ్ వేస్తాను. కృష్ణవేణి గారూ, లెన్యెన్యేలో రాంఫేలే చేసిన పని గురించి మీరు కూడా ఇంకొంచెం వివరంగా రాయండి, మెడిసిన్ చదివే మా మనవరాలికి చూపిస్తాను.

కృష్ణవేణి_నర్సు:
తప్పకుండా మాస్టారూ. ఈ వారం నైట్ డ్యూటీలు, అవి అయ్యాక రాస్తాను.